తలవైపు మేకు

ఏ మిషను కొనాలన్న మాట మా ఇంట్లో మొదలైనప్పటి నుంచి అందరూ మిషను గురించే మాట్లాడారు. దాని ముందు కూర్చునే మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ మనిషిని నేను.

మేం దూదేకులవాళ్లం. పర్చూరు దాటాక నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊరు మాది. చేలల్లో పత్తి, కళ్లాల్లో మిరపకాయలు, మా ఇంట్లో దూది. నాయన దూదేకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు. ఎవరింటి వసారాలోనో కూర్చుని గట్టిపడ్డ పాత పరుపు విప్పి, దూది ఏకి, పొద్దు గుంకేలోగా మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో అమ్మ కూడా వెంట వెళ్లేది. కుట్టుపని అమ్మది.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. నాయనకు ఆయాసం ముదిరింది. నాలుగుసార్లు నారి మీద కొట్టి, విల్లు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని గాలి కోసం వెతుక్కునేవాడు. చీరాలలో డాక్టరు దూది ముట్టుకోవద్దన్నాడు. దూదేకులవాణ్ని దూది ముట్టుకోవద్దంటే ఇంకేం ముట్టుకోవాలో మాత్రం ఆయన చెప్పలేదు.

దాంతో ఇంట్లో పని పంచేశారు. విల్లు మానేసి మిషను తేవాలి. నాయన బయట కూర్చుని గుడ్డ కత్తిరిస్తాడు. అమ్మ పరుపులు విప్పుతుంది, కుడుతుంది. మిషనుకు దూది పెట్టేది నేను. ఈ ఏర్పాటంతా నేను పొయ్యి దగ్గర ఉండగా జరిగిపోయింది. నీకు ఇష్టమేనా అని అడిగే ఆనవాయితీ మా ఇంట్లో లేదు. మాఘమాసం దగ్గర పడుతోంది, పెళ్లిళ్ల ఇళ్లవాళ్లు పరుపుల కోసం కబురు పెడుతున్నారు. అప్పటికి మిషను రాకపోతే వాళ్లంతా టౌనులో కొనుక్కుంటారు. ఒకసారి టౌనుకు అలవాటు పడ్డవాళ్లు మళ్లీ మా గడప తొక్కరు. అది నాకూ తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. భయం మాత్రం అప్పుడే మొదలైంది.

ఎందుకంటే దూదేకే మిషనును నేను అంతకుముందే ఒకసారి చూశాను. నిండా ఇనుప పళ్లున్న డ్రమ్ము గిరగిరా తిరుగుతుంటే ఒక పక్క నుంచి దూది అందించాలి. పళ్లు దూదిని లాక్కుని చీల్చి, రెండో పక్కకు పొగలాగా వదులుతాయి. అవి లాక్కునేది దూదినొక్కదాన్నే కాదు. వేళ్లు పోయినవాళ్ల కబుర్లు మా వాళ్ల పెళ్లిళ్లలో భోజనాల దగ్గర కూడా దొర్లుతుండేవి.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. పాత పరుపుల్లో దూదే ఉంటుందని అనుకోకూడదు. చేత్తో చిదిమేటప్పుడు నాయనకు చిల్లర బిళ్లలు, పిన్నీసులు, పట్టీల నుంచి ఊడిన మువ్వలు దొరికేవి. మేకులు కూడా దొరికేవి. మా వైపు బాలింత పడుకునే పరుపులో తలవైపు మూల ఒక ఇనుప ముక్క పెట్టి కుట్టించుకుంటారు. ఇనుముంటే పసిబిడ్డ జోలికి ఏదీ రాదని నమ్మకం. హిందువులైనా, క్రైస్తవులైనా, మేమైనా ఆ ఒక్క విషయంలో అందరిదీ ఒకే మతం. అడిగినవాళ్లకు అమ్మ, ఎద్దుల కాళ్లకు కొట్టే నాడా మేకు ఒకటి తానే పెట్టి, అది ఉన్నచోట గుర్తుగా ఎర్రదారంతో కుట్టి ఇచ్చేది. నాయన పరుపు ఏకేటప్పుడు మేకు వేళ్లకు తగిలేది. తీసి పక్కన పెట్టి, చివర్లో మళ్లీ అక్కడే పెట్టేవాడు. విల్లుతో ఏకే రోజుల్లో దానివల్ల ఎవరికీ ఏ బాధా లేదు.

కొనడానికి రెండు మిషన్లు తేలాయి. ఒకటి గుంటూరులో కొత్తది, తక్కువ ధరలో చేసి అమ్ముతున్నది. రెండోది సింగరాయకొండలో ఒకరు వాడి వదిలేసిన పాతది. ఇద్దరూ అడిగిన ధర ఇంచుమించు ఒకటే కావడంతో చౌకది కొనేద్దామనే వంక కూడా లేకుండా పోయింది.

ముందు గుంటూరు వెళ్లాం, నాయనా నేనూ. కొత్త మిషను పచ్చరంగు రేకులతో కళకళలాడుతోంది. డ్రమ్ము కనపడకుండా పైన రేకు మూత బిగించి ఉంది. పైనున్న గొట్టంలో దూది వేస్తే వెనక నుంచి వస్తుంది. షాపాయన స్విచ్ వేసి చూపించాడు. మిషనంతా చలిజ్వరం వచ్చినట్టు వణికింది, దూది మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

"చెయ్యి పెడదామన్నా పెట్టలేవమ్మా ఇందులో" అన్నాడు నా వంక చూసి.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఇంకో మిషను చూడనక్కర్లేదని అక్కడే అనేసుకున్నాను. నాయన మాత్రం మూత తీసి చూపించమన్నాడు.

"దేనికండీ? బోల్టులు విప్పాలి, బిగించాలి. అవసరమేముంది?"

"లోపలేం జరిగిద్దో తెలియాలంటే ప్రతిసారీ బోల్టులు విప్పాలా?"

"లోపలేం జరిగిద్దండీ, దూదేగా" అని నవ్వాడు షాపాయన.

నాయన నవ్వలేదు. రేకును వేలితో మీటి చూసి, వచ్చేవారం చెప్తామని లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులో ఆయన పక్కన కూర్చోకుండా వెనక సీటుకు పోయాను.

సింగరాయకొండ మిషను ఊరి చివర రేకుల షెడ్డులో గోనె పట్టాల కింద ఉంది. అమ్మేది ఒక విధవరాలు. భర్త పోయాడు, కందుకూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. పట్టా తీయగానే నాయన ముఖం మారిపోయింది. పోత ఇనుము కాళ్లు, టేకు చట్రం, అరచెయ్యంత వెడల్పు బెల్టు. చెయ్యి వేసి ఊపితే కదల్లేదు. డ్రమ్ము మీద మూత లేదు. పళ్లన్నీ నా వైపే చూస్తున్నాయి. దూది పెట్టే చెక్క మాత్రం కొత్తది. మిగతా మిషనంతా నల్లబడి ఉంటే అదొక్కటీ తెల్లగా ఉంది.

ఆమె మంచినీళ్లు తెచ్చి నాయనకు ఎడమచేత్తో అందించింది. నాయన ఒక్క క్షణం ఆగాడు. ఎంత పేదింట్లోనైనా ఎడమచేత్తో నీళ్లివ్వరు. తర్వాత గ్లాసు తీసుకున్నాడు. నేను మాత్రం ఆమె కుడిచేతిని వెతుక్కున్నాను. అది కొంగు కింద ఉంది. ఆమె స్విచ్ వేయడానికి వంగినప్పుడు కొంగు జారింది. బొటనవేలు, దాని పక్క వేలు ఉన్నాయి. మిగతావి లేవు.

నా వేళ్లు పిడికిట్లోకి ముడుచుకున్నాను. ఆమె చూసింది. కొంగు సర్దుకోలేదు.

"చూసావుగా. ఇక దాచేదేముంది" అంది. "కూర్చునేది నువ్వేనా?"

"అవునత్తా."

"ఎదురింటామె కేకేస్తే తల తిప్పా. అంతే. మిషను మీద కోపమెందుకు, తల తిప్పింది నేను. ఆ తర్వాత కూడా దీని మీదే చేసా, ఎడంచేత్తో. తాటిమట్ట అంచులు చెక్కేసి దాంతో తొయ్యి. చెక్క దాటి వేలు పోనీకు. ఎవురు పిలిచినా పలక్కు. మీ అమ్మ పిలిచినా సరే."

"గుంటూరులో మూతున్నది చూశాం" అన్నాను. ఆ మాట అంటే ఆమె ఏదో ఒకటి చెప్పి నన్ను తప్పిస్తుందని ఆశ.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మా మరిది కొన్నాడు అట్టాంటిది. పాత పరుపులో పిన్నీసు పడి లోపల నిప్పు రేగింది. మూత కదా, కనపళ్లా. దూదిలో నిప్పు మంట లేవకుండా తింటా పోయిద్ది. వాళ్లు చూసేసరికి వెనకున్న దూదంతా అంటుకుంది. మనుషులు దక్కారు, కొంప దక్కలా. మీది రేకుల షెడ్డా?"

"తాటాకు పాక" అన్నాడు నాయన.

ఆమె షెడ్డు మూలనున్న తడిగోనె వైపు గడ్డంతో చూపించింది. అది ఎప్పుడూ తడిగానే ఉంచాలని చెప్పింది.

తిరుగు బస్సు పైన మిరపకాయల బస్తాలు వేశారు. లోపలంతా ఘాటు. నాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒంగోలు దాకా దగ్గుతూనే ఉన్నాడు. దగ్గు తెరిపి ఇచ్చినప్పుడు అడిగాను.

"చూశావా ఆమె చెయ్యి?"

"నీళ్లిచ్చినప్పుడే చూసా."

"చూసి కూడా అదే కొందామంటావా?"

"కొందామని అనలా నేను" అని కిటికీ వైపు తిరిగాడు.

ఇంటికి రాగానే అమ్మ మూతున్నదే తెమ్మంది. "చెయ్యి పోతే దీన్ని ఎవడు చేసుకుంటాడు?" అంది. నా చెయ్యి పోతే అమ్మకు ముందు గుర్తొచ్చింది పెళ్లికొడుకు. నాయన పాతదాని ఇనుము గురించి, కొత్తదాని రేకు గురించి చెప్పుకుంటూ పోయాడు. అమ్మ వినలేదు. రెండు పూటలు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. చివరికి నాయన, "మనకెందుకు గొడవ. కూర్చునేది అది. దాన్నే చెప్పనీ" అన్నాడు.

అన్నీ అయిపోయాక ఇప్పుడు గుర్తొచ్చానా అని నోటిదాకా వచ్చింది. కాని నిజం చెప్పాలంటే, అడగనంతకాలం కోపం ఒకటే ఉంది. అడిగాక భయం కూడా వచ్చి కూర్చుంది. ఇక ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు.

పెరట్లోకి వెళ్లి పాక వంక చూస్తూ నిలబడ్డాను. తాటాకు ఎండి పెళపెళలాడుతోంది. పాకకూ ఇంటికీ ఒకటే చూరు. వసారాలో నాయన మంచం మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు ఆనించి గాలి పీలుస్తున్నాడు. ఆయన పరుగెత్తలేడు. మూతున్న మిషనైతే నా వేళ్లు పదీ భద్రం, కాని నిప్పు పుడితే ముగ్గురికీ పుడుతుంది. మూత లేనిదైతే పోయేది నా ఒక్కదాని చెయ్యే. పైగా అదేం చేయబోతోందో నా కళ్లకు కనపడుతూ ఉంటుంది. నాకు ధైర్యం ఉండి కాదు, కనపడని నిప్పుకు మరీ భయపడి లోపలికి వచ్చి చెప్పాను.

"సింగరాయకొండదే తెద్దాం."

అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

మిషను లారీలో వచ్చింది. పాకలో గుంజలకు బిగించి, గోడకు స్విచ్ పెట్టించాం. నాయన తాటిమట్ట చెక్కి నున్నగా చేసి ఇచ్చాడు. తడిగోనె నా ఎడమపక్కన పెట్టాడు. మా వాళ్లలో కొత్తగా విల్లు కట్టినా, మిషను తెచ్చినా మొదటి ఏకుడు సొంత ఇంటి దూదితోనే చేయాలి. పరాయి ఇంటి దూదితో బోణీ చేయకూడదు. కాబట్టి అమ్మ మా పరుపు బయటికి లాగింది. ఊరందరి పరుపులు మెత్తబరిచిన ఇంట్లో మా పరుపు మాత్రం రాయిలా ఉండేది. నా చిన్నప్పటి నుంచి దాన్నెవరూ విప్పిన పాపాన పోలేదు.

నాయన బిస్మిల్లా అని స్విచ్ వేసి, నుసి పీల్చకుండా గుమ్మం బయటికి వెళ్లి కూర్చున్నాడు. డ్రమ్ము వేగం అందుకుంది. ఆ రొద గుండెల్లో కొట్టుకున్నట్టు ఉంది. అమ్మ పరుపును కాళ్లవైపు నుంచి కోసి, దూది చిదిమి నా పక్కన కుప్ప పోస్తోంది. నేను చెక్క మీద పెట్టి మట్టతో తోస్తున్నాను. పళ్లు అందుకున్నప్పుడల్లా మట్ట చేతిలో జిల్లుమనేది. కళ్లు పళ్ల మీద నుంచి తీయలేదు. రెప్ప వేయాలన్నా భయమే. అరచేతుల్లో చెమట పడితే పావడాకు తుడుచుకోవడానికి కూడా మట్ట వదల్లేదు.

మొదట అమ్మ శ్రద్ధగానే చిదిమింది. పోనుపోను తొందరపడింది. మన ఇంటి పరుపే కదా, ఇందులో ఏముంటుందని అనుకుందట. తలవైపు దూది ఉండలు ఉండలుగానే తెచ్చి కుప్ప మీద పడేసి, ఖాళీ గుడ్డ దులపడానికి పక్కకు వెళ్లింది.

కాసేపటికి వెనక నుంచి కేక వినపడింది.

"ఏమే."

తల తిప్పలేదు.

"ఏమే, ఆగవే."

సింగరాయకొండ ఆమె కొంగు కింది చెయ్యి కళ్లముందు నిలబడింది. మీ అమ్మ పిలిచినా సరే, అంది కదా. పళ్లు బిగించి మట్టతో తోస్తూనే ఉన్నాను. అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమెకు చెక్క మీదున్న దూది ఉండ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. నా భుజం మీదుగా వంగి, గాజులతో సహా చెయ్యి ఆ ఉండ మీదికి చాపింది. ఉండ అంచును అప్పటికే పళ్లు అందుకున్నాయి.

మట్ట ఎత్తి అమ్మ చేతి మీద కొట్టాను. నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. గాజులు పగిలాయి. అమ్మ చెయ్యి వెనక్కి పోయింది, ఉండ లోపలికి పోయింది. టంగుమని ఒక్క చప్పుడు. పళ్ల మధ్య నిప్పురవ్వ మెరిసింది. దాని పక్కన దూది ఎర్రబడటం, ఆ ఎరుపు అరచెయ్యి వెడల్పున పాకటం నేను కళ్లారా చూశాను.

స్విచ్ తీసేశాను. కరెంటు తీసేసినా డ్రమ్ము వెంటనే ఆగదు, దాని బరువుకు అది తిరుగుతూనే ఉంటుంది. మండే పీచులు వెనక కుప్ప మీదికి ఎగురుతున్నాయి. తడిగోనె తీసి డ్రమ్ము వెనక పరిచాను. నాయన గుమ్మం దాటి వచ్చేశాడు. రావద్దని అరుస్తున్నా వినకుండా గుమ్మం పక్కనున్న నీళ్ల కడవ ఎత్తి కుప్ప మీద గుమ్మరించాడు. పాకంతా ఆవిరి, పొగ. నాయన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఆయన నేల మీద కూలబడి, మాట రాక, చేత్తో పాక చూరు వైపు చూపించాడు. తాటాకు అంటుకోలేదు.

ఆయనకు ఊపిరి కుదుటపడేదాకా నేను కదల్లేదు. తర్వాత లోపలికి వెళ్లాను. అమ్మ పరుపు ఖాళీ గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మట్ట తగిలిన చెయ్యి వాచిపోయింది, ఉంగరం వేలు పక్కకు వంగిపోయింది. రెండో చెయ్యి గుడ్డ మూలనున్న ఎర్రదారం కుట్టు మీద ఉంది. మిషను కింద నల్లటి బూడిదలో వంకరపోయిన నాడా మేకు దొరికింది.

"నీ కాన్పుకు కుట్టుకున్నా ఈ పరుపు" అంది అమ్మ. "నీ తలవైపు నేనే పెట్టా. మర్చేపోయా."

అమ్మ పక్కన కూర్చుని, ఆమెను కొట్టిన చేత్తోనే పగిలిన గాజు ముక్కలు ఏరాను. ఆ వయసులో నాకు తెలిసిన క్షమాపణ అదే.

అమ్మ వేలు మళ్లీ తిన్నగా కాలేదు. ఆ మాఘమాసం పరుపులన్నీ మేమే కుట్టాం. ఎవరి పరుపు వచ్చినా అమ్మ ముందు తలవైపు ఎర్రదారం కోసం చూసేది, ఆ తర్వాత ఆ వంకర వేలితోనే దూదంతా చిదిమి చిదిమి నాకు ఇచ్చేది. ఎన్ని ఊళ్లలో ఎన్ని పరుపుల్లో తన మేకులున్నాయో ఆమెకే తెలియదు. ఒక్కొక్కటీ మాకు తిరిగి వస్తూనే ఉండేది. పరుపులో మేకు పెట్టమని కొత్తగా ఎవరైనా అడిగితే, "మంచం కోడుకు కట్టుకోండమ్మా, పరుపులో వద్దు" అనేది. ఎందుకో మాత్రం చెప్పేది కాదు.

ఆ మిషను మీద పెళ్లయ్యేదాకా పనిచేశాను. వేళ్లు పదీ ఉన్నాయి.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మ నాకు కొత్త పరుపు కుట్టింది. పడుకోబోతూ తలవైపు మూల తడిమి చూశాను. అమ్మ చూస్తూనే ఉంది. అక్కడేమీ లేదు, ఎర్రదారం కూడా లేదు. మంచం కోళ్లకూ ఏమీ కట్టలేదు. బిడ్డ పుట్టాక పురిటి రోజులు గడిచేదాకా అమ్మ నా తలవైపు చాప వేసుకుని కూర్చుంది. అన్నం అక్కడే తింది. ఎవరు వచ్చి పిలిచినా తల తిప్పలేదు.